ఎర్ర సంచి విప్పినవాళ్ళు

మార్చి 3

ప్రియమైన పిన్నికి,

నేనే, నీ పిచ్చుకని, రాస్తున్నాను. ముందు ఫోను చేద్దామనే అనుకున్నాను. కానీ ఇరవై నాలుగేళ్ళుగా ఆ ఉతుకు మిషన్ల హోరు నీ చెవుల్ని తినేశాక, నేనెంత అరిచినా మా పక్కగది వాళ్ళకి వినపడుతుంది గానీ నీకు వినపడదు. పైగా ఇది పక్కగది వాళ్ళు వినాల్సిన సంగతి కాదు.

జర్నలు నుంచి జవాబొచ్చింది. కాదనలేదు, అలాగని ఔననీ అనలేదు. నా పేపరు ఇద్దరికి పంపి చదివించారట. వాళ్ళని రివ్యూయర్లంటారు. తమ పేర్లు చెప్పరు, మన తప్పులు మాత్రం చెబుతారు. మొదటివారు 'మానవశాస్త్రంలో ఇలాంటి పరిశోధన నేనింతవరకు చూడలేదు' అని రాశారు. ఆ ఒక్క వాక్యాన్నే పదిసార్లు చదువుకున్నాను. రెండోవారు నాలుగు పేజీల ప్రశ్నలు పంపారు. వాటిని ఇరవైసార్లు చదివాను. తొంభై రోజుల్లో అన్నిటికీ జవాబు రాసి, పేపరు సరిదిద్ది పంపాలి. జూన్ ముప్పయ్యో తేదీతో ఇక్కడ యూనివర్సిటీలో నా ఉద్యోగం గడువు తీరిపోతుంది. ఈలోగా పేపరు ఒప్పుకుంటే పొడిగిస్తారు. లేకపోతే వెళ్ళి రమ్మంటారు.

మొదటి పేరా ఇలా ఉంది, తప్పుంటే చెప్పు:

'ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో పదకొండు మంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. ప్రమాదాల్లో చనిపోయినవారి నెత్తుటి బట్టల్ని ఎర్ర సంచిలో కట్టి కాల్చేయాలన్నది అక్కడి నియమం. ఈ ఆడవాళ్ళు ఆ సంచి విప్పుతారు. బాగుపడే బట్ట ఒక్కటి ఏరి, వేరుగా ఉతికి, చిరుగు కుట్టి, ఇస్త్రీ చేస్తారు. చనిపోయినవారి వాచీ, కళ్ళజోడు తిరిగి ఇచ్చే కిటికీ దగ్గర పెడతారు. ఆసుపత్రే ఇచ్చిందనుకుని ఇంటివాళ్ళు తీసుకెళ్తారు. పై అధికారులకు ఈ సంగతి తెలియదు. నియమాన్ని తెలిసి ధిక్కరించే ఈ కరుణే నా పరిశోధనాంశం.'

ఊరి పేరు, ఆసుపత్రి పేరు ఎక్కడా లేవు. ఎవరి పేరూ అసలుది కాదు. నువ్వు అందులో 'పెద్దామె'వి. అయినా నాకు గుబులుగానే ఉంది. ఎనిమిది నెలలు మీ మధ్య కూర్చుని నోటుపుస్తకం నింపుకున్నాను. వాళ్ళు నాతో మాట్లాడింది నన్ను చూసి కాదు, నిన్ను చూసి. పేపరంతా మన భాషలో టైపు చేసి పంపుతున్నాను. చదువు. పనికిరాదనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పు.

నీ
పిచ్చుక


మార్చి 11

పిచ్చుకకు పిన్ని ఆశీస్సులు.

ఇక్కడందరం క్షేమం అని రాయాలి గదా, రాశాను. ఇక అసలు సంగతి.

నీ కాగితాలు మూడుసార్లు చదివాను. మొదటిసారి సగం అర్థం కాలేదు. రెండోసారి గర్వమేసింది. మూడోసారి భయమేసింది. నువ్వు రాసింది అబద్ధమని కాదు, మరీ నిజమని.

ఏడో పేజీ తియ్యి. దుప్పట్లని ఇస్త్రీ చేసే రోలరు మిషనులోకి ఎక్కించే ఆవిడ గురించి రాశావు. పేరు మార్చావు, వయసు మార్చావు. 'కుడిచేతికి రెండు వేళ్ళు లేకపోయినా చిరుగులు కుట్టేది ఆమే' అని కూడా రాశావు. ఒసే పిచ్చిదానా, పేరు మారిస్తే సరిపోతుందా, వేళ్ళు మార్చొద్దూ? రోలరులో వేళ్ళు పోగొట్టుకుని మళ్ళీ అదే రోలరు ముందుకొచ్చి నిలబడ్డ మనిషి ఈ ఊరంతటికీ ఒక్కతే. చదువురాని మా వాచ్‌మన్ కూడా పోల్చుకుంటాడు. ఆమె పెన్షనుకి ఇంకా మూడేళ్ళుంది. ఇంట్లో తల్లి మంచం పట్టి ఉంది.

తర్వాత పదకొండో పేజీ. కిటికీ గుమాస్తా 'చూసీ చూడనట్టు ఊరుకుంటాడు' అన్నావు. పాపం పదిహేనేళ్ళ నుంచి చూడకుండా ఉండటానికి అతనెంత అవస్థ పడుతున్నాడో నీకు తెలియదు. ఇంతా చేసి, చూశాడని నువ్వు రాసిపెడితే ఎలా?

మొన్న టీ దగ్గర మనవాళ్ళకి చదివి వినిపించాను. ఇస్త్రీ అక్క పొంగిపోయింది. "ఇన్నాళ్ళూ మనం బట్టల మీద ఇస్త్రీ గీతలు దిద్దాం, ఇప్పుడు మన మీద రాతల గీతలు పడుతున్నాయన్నమాట" అని నవ్వింది. ఆమెకేం, వచ్చే ఏడు రిటైరవుతుంది. రోలరు ఆవిడ మాత్రం చెయ్యి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

నీ ఉద్యోగం సంగతి నాకు తెలియక కాదు. మా అక్క పోయాక నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది నేనే. నువ్వు ఒక మెట్టు ఎక్కితే నా కాళ్ళ నొప్పులు తగ్గుతాయి. కానీ పదకొండు మంది నోటి దగ్గర కూడు అందులో ఉంది. చూసి రాయి తల్లీ.

ఇట్లు
నీ పిన్ని


మార్చి 19

ప్రియమైన పిన్నీ,

వేళ్ళు తీసేశాను. గుమాస్తాని కూడా తీసేశాను. 'కిటికీ దగ్గర పెడతారు' అని మాత్రం ఉంచాను, ఆ కిటికీ వెనక ఇప్పుడు మనిషి లేడు. ఎనిమిది నెలలు ఆమె చేతిని చూస్తూ కూర్చున్నదాన్ని, ఆ చెయ్యే ఆమెని పట్టిస్తుందని ఎందుకు తోచలేదో నాకు అర్థం కావడం లేదు. ఆమెతో చెప్పు, క్షమించమన్నానని. వద్దులే, నేనే వచ్చి చెబుతాను.

రెండో రివ్యూయరు ప్రశ్నల్లో మూడు గడ్డు ప్రశ్నలున్నాయి. ఆ పెద్దామెకీ మీకూ ఏమిటి సంబంధం అని మొదటిది. దాచడం తప్పనిపించింది. 'నన్ను పెంచిన పిన్ని' అని రాశాను. రెండోది చదివితే ఒళ్ళు మండింది: 'కరుణ, కరుణ అంటున్నారు. మరి అంటురోగాల మాటేమిటి?' రెండు రోజులు తిట్టుకున్నాను. మూడోరోజు, అడగాల్సిన మాటే గదా అనిపించింది. నా నోటుపుస్తకం తీసి ఒక పట్టిక తయారుచేశాను. శనివారం మధ్యాహ్నాలు చివరి చిన్న మిషనులో ఎంత వేడిలో ఉతికారు, ఎంతసేపు, ఎవరెవరు రెండేసి జతల గ్లవ్స్ వేసుకున్నారు, అన్నీ. మొత్తం ముప్పై ఒక్క శనివారాలు. సరిదిద్దిన పేపరు నీకు దీంతోపాటే పంపుతున్నాను.

మూడో ప్రశ్న నావల్ల కావడం లేదు. ఈ పని ఎలా మొదలైంది? ఎవరిని అడిగినా 'పెద్దామెనే అడుగు' అనేవారు. నిన్ను అడిగితే టీ పెట్టడానికి లేచిపోయేదానివి. ఒక సాయంత్రం మూడుసార్లు అడిగితే మూడు టీలు తాగించావు. 'మొదలు తెలియని ఆచారం మీద సిద్ధాంతం కట్టడమంటే పునాది లేకుండా మేడ కట్టడమే' అని రాశారా మనిషి. నిజమే గదా పిన్నీ. ఒక్క పేరా చాలు. చెప్పవూ?

నీ
పిచ్చుక


ఏప్రిల్ 2

పిచ్చుకకు,

అది మాత్రం అడగొద్దు. ఎలా మొదలైతేనేం, జరుగుతోంది గదా. లేదా, జరుగుతూ ఉండేది.

కొత్త మేనేజరొచ్చి నెలయింది. పోయినవారం సోమవారం నుంచి ఎర్ర సంచుల్ని తూస్తున్నారు. వార్డులో ఒకసారి, కాల్చే పొయ్యి దగ్గర ఇంకోసారి. రెండు అంకెలూ పుస్తకంలో రాస్తున్నారు. "ఒక చొక్కా తేడా కూడా తెలిసిపోతుందంటావా?" అని ఇస్త్రీ అక్క అడిగింది. తడిసిన చొక్కా అయితే తెలుస్తుందన్నాను.

ఈ శనివారం చివరి మిషను తిప్పలేదు. ఒక సంచి మూల పెట్టి ఉంచాం. కాల్చడానికి పంపాలంటే చేతులు రావడం లేదు, విప్పుదామంటే ధైర్యం చాలడం లేదు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాని పక్కనుంచి తప్పుకుని నడుస్తున్నారు.

నీ పేపరు సంగతి ఎవరికైనా చెప్పావా? ఉన్నదున్నట్టు రాయి. లాండ్రీ చిరునామాకి రాయొద్దు, ఇంటికి రాయి.

పిన్ని


ఏప్రిల్ 8

ప్రియమైన పిన్నీ,

నేనెవరికీ చెప్పలేదు. కానీ చెప్పినవాళ్ళున్నారు.

నీ ఉత్తరం అందగానే మా గైడుగారి గదికి వెళ్ళాను. "సార్, నా పేపరు గురించి బయట ఎక్కడైనా మాట్లాడారా?" అని అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. "మొన్న వైద్యరంగం వాళ్ళ సభలో చెప్పానమ్మా! ఆసుపత్రుల అధికారులు చాలామంది వచ్చారు. భలే ఆసక్తిగా విన్నారు" అన్నారు.

"ఏ ఆసుపత్రో చెప్పారా?"

"ఛ, ఛ! పేరెందుకు చెబుతాను? మా స్టూడెంటు వాళ్ళ పిన్నిగారే అక్కడ పెద్ద అని మాత్రం అన్నాను. అలా చెబితే కొంచెం మనసుకి తగులుతుంది గదా."

నాకు మంచి చేస్తున్నాననుకున్నారాయన, ఏమనను? నా పేరు తెలిసిన ప్రతివాళ్ళకీ నా ఊరు తెలుసు. నా ఊళ్ళో పెద్దాసుపత్రి ఒక్కటే. వేళ్ళు తీసేశానని సంబరపడ్డాను, నిన్ను మాత్రం చేతులారా పట్టించాను.

పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు ఎడిటరుకి ఉత్తరం టైపు చేశాను. బల్ల సొరుగులో ఉంది. నీ జవాబు కోసం పది రోజులు చూస్తాను. రాకపోతే పంపేస్తాను. అచ్చుకాని పేపరుకి సాక్ష్యం ఉండదు గదా. సభలో విన్న మాట గాలికి పోతుంది.

ఒక్క కార్డు ముక్క రాయి పిన్నీ, చాలు.

నీ
పిచ్చుక


మే 6

పిన్నీ,

ఇది నేను రాస్తున్న మూడో ఉత్తరం. ముందటి రెండూ అందాయో లేదో తెలియదు.

పద్దెనిమిదో తేదీన పేపరు వెనక్కి తీసుకున్నాను. ఎడిటరు రెండు ముక్కల్లో జవాబిచ్చారు. తీసేశామనీ, మళ్ళీ ఎప్పుడైనా పంపాలనుకుంటే కొత్త పేపరుగా మొదటి నుంచీ రావాలనీ. ఇక జూన్ ముప్పయ్యి ఖాయం. దాని దిగులు తర్వాత పడతాను.

లాండ్రీకి ఫోను చేశాను. "ఆవిడ డ్యూటీలో లేరు" అని పెట్టేశారు. మీ పక్కింటి టైలరుకి చేశాను. "బాగానే ఉన్నారు, ఇంట్లోనే ఉంటున్నారు" అన్నాడు. పొద్దున పనివేళ కూడానా అంటే "ఆ" అని, మిషను మీద ఏదో పని ఉన్నట్టు పెట్టేశాడు. ఆ 'ఆ' దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

పరీక్షల పని పదహారు దాకా వదలదు. పదిహేడో తేదీ శనివారం మధ్యాహ్నానికి వస్తాను. తిట్టు, కొట్టు, మాట్లాడకపోయినా సరే. తలుపు మాత్రం తియ్యి.

నీ
పిచ్చుక


మే 14

నా బంగారు పిచ్చుకకు,

ముందు ఊపిరి పీల్చుకో. నేను బాగానే ఉన్నాను. ఎవరి ఉద్యోగమూ పోలేదు. నీ మీద ఆవగింజంత కోపం లేదు. విచారణ పూర్తయ్యేదాకా బయటివాళ్ళకి ఏమీ రాయకూడదని నాచేత సంతకం పెట్టించుకున్నారు. అది కిందటి వారం అయిపోయింది. నీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబివ్వలేక, చదివిందే చదువుకుంటూ కూర్చున్నాను.

జరిగింది చెబుతాను. నవ్వుతావో ఏడుస్తావో నీ ఇష్టం.

మీ గైడుగారి సంగతి చదివాక, ఇక తెలిసిపోయిందనే అనుకున్నాను. పట్టుబడేదాకా కూర్చుంటే అందరం మునుగుతాం, నేనే వెళ్ళి నెత్తిన వేసుకుంటే మిగతావాళ్ళు ఒడ్డునపడతారు అనిపించింది. మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళాను.

"అయ్యా, మీరు ఆ సంచులు ఎందుకు తూస్తున్నారో నాకు తెలుసు. ఆ పని చేసింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళకి సంబంధం లేదు" అన్నాను.

"ఏ పని?" అన్నాడు.

అంతా చెప్పేశాను. ఎక్కడా ఆగలేదు. అతను కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అమ్మా, పాత పొయ్యి పాడైపోతోంది. కొత్తది ఎంత పెద్దది కావాలో తెలియడానికి తూకం వేయిస్తున్నాను, లెక్క తప్పకుండా రెండుచోట్లా. అంతే" అన్నాడు. నాకు వినపడాలని గట్టిగా అరిచి చెప్పాడు. వరండాలో ఉన్నవాళ్ళంతా విన్నారు.

"మరి ఆ సభలో మా సంగతి చెప్పారట గదండీ?"

"ఏ సభ? దానికి వెళ్ళింది మా పెద్ద డాక్టరుగారు. ఆయన సభలకి వెళ్ళేది కునుకు తీయడానికి."

అడిగినవాడు లేడు, అనుమానించినవాడు లేడు. నా అంతట నేనే వెళ్ళి గోతిలో దూకాను. "అయితే నేనేమీ చెప్పలేదనుకోండయ్యా" అన్నాను. అతను కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "విన్నాక వినలేదని ఎలా అనుకోనమ్మా?" అన్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే తిట్టుకోవడానికైనా ఉండేది.

అలా విచారణ మొదలైంది. నన్ను ఇంట్లో ఉండమన్నారు, పిలిచినప్పుడు వెళ్ళేదాన్ని. నేనొక్కదాన్నే అని పాడిందే పాడాను. రెండోరోజు ఇస్త్రీ అక్క పిలవకుండానే లోపలికొచ్చింది. "అంతా అదే చేస్తే ఇస్త్రీ ఎవరు చేశారట? దానికి చొక్కా కాలరు తిప్పడం కూడా రాదు" అంది. వెనకే రోలరు ఆవిడ. "కుట్టింది నేను" అని చెయ్యి బల్లమీద పెట్టింది. సాయంత్రానికి పదకొండు మందిమీ వరసగా నిలబడి ఉన్నాం. అప్పుడు నిజంగా భయమేసింది నాకు. అందరినీ ఒక్క సంతకంతో తీసేయొచ్చు.

అంటురోగాలు చూసే డాక్టరమ్మ ఉంది విచారణలో. "ఎంత వేడిలో ఉతికారు? ఎంతసేపు? ఎక్కడైనా రాసిపెట్టారా?" అని అడిగింది. మేం ఎక్కడ రాస్తాం? చాటుగా చేసే పనికి పుస్తకం పెడతామా? మాటలు చెల్లవంది. అప్పుడు నా సంచిలోంచి నీ పేపరు తీసి ఇచ్చాను. నీ ముప్పై ఒక్క శనివారాలూ అందులో ఉన్నాయి గదా. అక్కడే కూర్చుని అన్ని పేజీలూ చదివింది, మేమంతా ఆమె మొహాన్నే చదువుతూ నిలబడ్డాం. "మన నియమంలో ఉన్నదానికంటే ఎక్కువ వేడిలోనే ఉతికారు. వీళ్ళలో ఒక్కరికీ జబ్బు రాలేదు" అని మేనేజరుతో చెప్పింది. ఏ పేపరు మమ్మల్ని ముంచుతుందని నువ్వూ నేనూ రెండు నెలలు చచ్చామో, అదే మమ్మల్ని గట్టెక్కించింది. నువ్వేమో అప్పటికే దాన్ని వెనక్కి తీసేసుకున్నావు.

అందర్నీ హెచ్చరించి వదిలేశారు. నన్ను లాండ్రీ పెద్దగా తీసేసి, వస్తువులు తిరిగి ఇచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. గుమాస్తాని పైఅంతస్తుకి పంపారు. ఎర్ర సంచులకి ఇప్పుడు నెంబరు ఉన్న సీలు వేస్తున్నారు. విప్పితే ఉద్యోగం పోతుంది. మూల పెట్టిన సంచి కూడా పొయ్యిలోకి పోయింది. ఆ పని ఇక లేదు పిచ్చుకా.

ఇక నువ్వడిగింది చెబుతాను. నేను చేరిన రెండో నెల అది. అప్పట్లో ఎర్ర సంచులూ మామూలు మూటలూ ఒకే బండిలో వచ్చేవి. చూసుకోకుండా ఒక సంచి విప్పి, పైనున్న చొక్కా మిషనులో వేసేశాను. ఎవరో బస్సు డ్రైవరుది. ఉతికి, ఇస్త్రీ అయ్యాక గానీ సంచి మీది చీటీ చూడలేదు. చెబితే ఉద్యోగం పోతుంది, కాల్చే చోటికి పంపితే ఇస్త్రీ చేసిన చొక్కా ఇదేమిటని అడుగుతారు. ఎక్కడ దాచాలో తెలియక, కిటికీ దగ్గర అతని వాచీ ఉన్న కవరులో దూర్చేశాను. అంతే. జాలీ లేదు, ధిక్కారం లేదు. ప్రాణభయం.

మర్నాడు అతని భార్య లాండ్రీ గుమ్మం దాకా వచ్చింది. గొడవకే వచ్చిందని ఆరేసిన దుప్పట్ల వెనక దాక్కున్నాను. "ఈ చొక్కా ఎవరు ఉతికారు?" అని అడిగింది. ఇస్త్రీ అక్క నావైపు చూపించి "మా కొత్తమ్మాయి" అంది. ఆవిడ దుప్పట్ల దాకా వచ్చి, నా మొహం కనపడకపోయినా, "నీ చేతులు చల్లగా ఉండాలమ్మా" అని వెళ్ళిపోయింది. ఆరోజు నుంచి అందరూ నన్నొక మహాతల్లిని చూసినట్టు చూశారు. పొరపాటని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాతి వారం ఇంకో సంచి వచ్చింది. అందరూ నావైపే చూశారు. పరువు పోతుందని అదీ విప్పాను. మూడో సంచి వచ్చినప్పుడు మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను. చూసేవాళ్ళు లేరు. అది నేనే విప్పాను.

నువ్వు 'తెలిసి ధిక్కరించే కరుణ' అని రాశావు. చదివినప్పుడల్లా చెంప మీద కొట్టినట్టుండేది. నువ్వక్కడ కూర్చుని మొదలు అడిగినప్పుడూ ఇదే బాధ, అందుకే టీ పెట్టడానికి లేచేదాన్ని.

నిన్న కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది, మధ్యవయసు మనిషి. చీటీ ఇచ్చింది. కళ్ళజోడు, తాళాలు, పర్సు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను. ఆవిడ కదల్లేదు. "బట్టలు?" అంది. "కాల్చేశారమ్మా, అది నియమం" అన్నాను. "చొక్కా కూడానా?" అంది. కూడా అన్నాను. ఆవిడ ఆ తాళాలు పర్సులో పెట్టి, మళ్ళీ తీసి, చేత్తోనే పట్టుకుని వెళ్ళింది. ఇరవై నాలుగేళ్ళలో ఎంతమందికి ఎన్ని ఇచ్చామో లెక్క లేదు. ఏమీ లేదని చెప్పడం నాకిదే మొదటిసారి. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు చెవిలోనే ఉంది.

అందుకే మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. జరుగుతున్నప్పుడు రాస్తే భయపడ్డాం. ఇప్పుడది లేదు. అలాంటిదొకటి ఉండేదని చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు, నువ్వు తప్ప. రోలరు ఆవిడ కూడా రాయమంది. మళ్ళీ కొత్త పేపరుగా పంపు. ఏడాది పడితే పట్టనీ. నీ ఉద్యోగం పోతే నాకు దిగులు లేదని అబద్ధం చెప్పను, బోలెడు దిగులుంది. ఆ రెండో రివ్యూయరు ఎవరో గానీ, మా ఇంటికొస్తే కుర్చీ వేసి కూర్చోబెడతాను. అడగాల్సింది అడిగాడు మహానుభావుడు.

శనివారం తలుపు తీసే ఉంటుంది. నువ్వొచ్చేసరికి పదకొండు మందిమీ ఇంట్లోనే ఉంటాం. నోటుపుస్తకం కొత్తది తెచ్చుకో. పాతదాంట్లో నేను చెప్పినవి సగం మాటలే.

ఇట్లు
నీ పిన్ని